ఒకే పేరు రెండుసార్లు

కువైట్ జాబ్రియాలో మా క్లినిక్ రికార్డుల గదిలో నా పక్క కుర్చీ ఒక ఈజిప్టు ఆవిడది. క్రైస్తవురాలు, నా ఈడుదే. ఆ ఉదయం టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. వాళ్ళ ఊరి చర్చిలోని బాప్తిస్మాల పుస్తకంలో ఒక పేజీ. ఫాదర్‌ని బతిమాలి తమ్ముడు ఫోటో తీసి పంపాడట.

"ఇదిగో మా నానమ్మ. ఇది వాళ్ళ నాన్న పేరు. ఇది వాళ్ళ తాతది."

నాకు ఒళ్ళు మండింది. మా వైపు నానమ్మ పేరు దాకానే నాకు తెలుసు. ఆవిడ తోబుట్టువులెవరని అడిగితే నోరెళ్ళబెట్టాలి.

"రాజవంశమా మీది, ఇన్ని తరాలు తవ్వుకోవడానికి?" అన్నాను.

"కుళ్ళుకోకు హబీబ్తీ," అని అరబ్బీలో ముద్దుగా పిలిచి నవ్వింది.

కుళ్ళే. అందుకే ఆ పేజీలో తప్పు వెతికాను. ఒకే మనిషికి రెండు ఫైళ్ళుంటే పట్టుకోవడం ఏళ్ళ తరబడి నా పని; అరబ్బీలో పేర్లు చదవడం అలాగే అబ్బింది. దొరికింది. వాళ్ళ నానమ్మ పేరే, అదే తల్లిదండ్రులతో, కొన్ని వరుసల పైన ఇంకోసారి.

"మీ ఫాదర్ ఒకే పిల్లను రెండుసార్లు ముంచాడు, చూడు!"

ఆవిడ నవ్వలేదు. "పైన ఉన్నది మా నానమ్మ అక్క. మాలో ఆడపిల్లకు ఎనభై రోజులు దాటాకే బాప్తిస్మం. దానికి జబ్బు చేస్తే, బాప్తిస్మం లేకుండా పోకూడదని ముందే ఎత్తుకుపోయారు. పోయింది. ఆ పేరే మా నానమ్మకు పెట్టారు."

సారీ చెప్పడం నాకు రాదు. భోజనాల వేళ మెట్ల మీదికెళ్ళి కోనసీమలోని మేనత్తకు ఫోన్ చేశాను. మా నానమ్మను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, నూకలిచ్చి కొనుక్కున్నారని చిన్నప్పుడు విన్నాను. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతేనే కదా అలా చేసేది.

"అత్తా, నానమ్మకంటే ముందు పోయినవాళ్ళ పేర్లేమిటి?"

"ఇప్పుడెందుకే నీకది? అక్కడ పనీపాటా లేదేటి?"

"చెప్పత్తా."

"ఇద్దరాడపిల్లలంట. బారసాలవకుండానే పోయేరు. ఇంక పేరెక్కణ్ణుంచొస్తాదే? 'పెద్దది పోయింది, రెండోది పోయింది, మొండిదాన్ని నేను మిగిలేను' అనేది మా అమ్మ."

సీటుకొచ్చి, "ఆ ఫోటో నాకూ పంపు," అన్నాను.

"ఇంకే తప్పు పట్టాలని?"

అంటూనే పంపింది. ఫోటో పెద్దది చేసి ఆ పై వరుస దగ్గర ఆగాను. మూడు నెలలైనా బతకని పసిదానికి పేరుంది, తండ్రి పేరుంది, బాప్తిస్మానికి చేతుల్లోకెత్తుకుని నిలబడిన జ్ఞానతల్లి పేరు కూడా ఉంది. మళ్ళీ కుళ్ళే. ఈసారి పేరైనా లేకుండా పోయిన మా పెద్దదాని కోసం, రెండోదాని కోసం.

"యల్లా, ఫైళ్ళు పేరుకుపోతున్నాయి," అంది ఆవిడ.

"ఉండవే," అన్నాను, తెలుగులోనే.