పురానాపూల్ దగ్గర ఆగే బండి

గోవర్ధన్‌కు దయ్యాల మీద నమ్మకం లేదు. దయ్యాల గురించి మాట్లాడేవాళ్ల మీద అసలే లేదు. "కరెంటు కంటికి కనవడ్తదా? కనవడది. గట్లని దండం వెట్టి కూసుంటమా? వైరు వట్టుకోని ఎటు వోయిందో చూస్తం," అనేవాడు. పురానాపూల్ వంతెన దగ్గర బండ్ల ఎలక్ట్రికల్ పనులు చేసే షాపు అతనిది. దానికి ఎదురుగా ఉన్న స్పేర్ పార్టుల దుకాణం నాది. నన్ను మురళి అంటారు. మా మధ్య ఉన్నది ఒక రోడ్డు, రోజుకు నాలుగు చాయ్‌లు, బోలెడంత లొల్లి.

మనిషికి ముక్కు మీద కోపం. బండి తెచ్చినవాడు "ఆ పార్టు మార్చెయ్" అన్నాడో, వాడి పని అయిపోయినట్టే. "పార్టు మార్చేటోడు హమాలీ. నీకు హమాలీ గావాల్నంటే బేగంబజార్ల మస్తుమంది ఉన్నరు, ఆడికే వో," అని తాళాలు చేతిలో పెట్టేవాడు. పార్టు ఎందుకు పోయిందో తెలిసేదాకా బండిని వదిలేవాడు కాదు. తెలిశాక ఆ కారణాన్ని బండి యజమాని ముఖం మీదే చెప్పేవాడు, వినేవాడికి ఇష్టమున్నా లేకపోయినా. "అన్నా, నువ్విట్ల లోపాలు ఎతుక్కుంట కూసుంటే నా పార్టులెవడు కొంటడు?" అని నేను గునిసేవాణ్ని. నా గొడవ నాది.

ఇంత మొండిమనిషికీ ఒక పట్టింపు ఉంది. అమావాస్య నాడు పానా ముట్టడు. తండ్రి లారీల డైనమోలు చుట్టిన కాలం నుంచీ వస్తున్న పద్ధతి. ఆ రోజు షాపు కడిగి, పనిముట్లకు కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగించి ఊరికే కూర్చుంటాడు. దయ్యాలు లేవనేవాడివి అమావాస్యకు భయమెందుకన్నా అని గిల్లితే, "భయం గాదుర భాయ్, బాపు మాట," అనేవాడు. మా వైపు పనివాళ్లలో చాలామందికి ఆ పట్టింపు ఉంది కాబట్టి నేనూ పెద్దగా లాగేవాణ్ని కాదు.

ఇక ఆ బండి సంగతి. నీలిరంగు టర్బో కారు. షా అలీ బండలో ఉండే రామలింగం సేటు కొడుకు నిఖిలేష్ ముచ్చటపడి కొనిపించుకున్నాడు. పసుపు, ఎండుమిర్చి హోల్‌సేల్ చేసే ఇంట్లో అలాంటి బండి ఒక వింత. సేటు దాంట్లో ఎక్కితే కుదుపుకు నడుం పట్టేసేది. కొడుకు మాత్రం దాన్ని పసిపిల్లలా చూసుకునేవాడు. ఇంజిన్ మీద ఉండే నల్ల ప్లాస్టిక్ మూతను కూడా ఊడదీశాడు, బానెట్ ఎత్తగానే ఇంజినంతా నలుగురికీ కనబడాలని.

కిందటేడు ఉగాది వెళ్లాక ఒక పొద్దున బ్యాడ్మింటన్ ఆడుతూ కూలబడ్డాడు. గుండె ఆగిపోయింది. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అంతా అయిపోయింది. పురానాపూల్ శ్మశానంలోనే దహనం చేశారు. పాడె మా షాపుల ముందు నుంచే పోయింది. గోవర్ధన్ షట్టర్ సగం దించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

తల్లి విమలాదేవి బండిని అమ్మనివ్వలేదు. ఇంజిన్ స్టార్ట్ చేయగానే లోపలి తెర మీద "హలో నిఖిలేష్" అని వస్తుంది. దాన్నీ తీయనివ్వలేదు. ప్రతి అమావాస్యకూ బేగంబజార్ దుకాణంలో పూజ ఉంటుంది. ఆ పూజకు కొడుకు బండిలోనే వెళ్లేది. డ్రైవర్ భిక్షపతి నడిపేవాడు, ఆమె వెనుక కూర్చునేది. వాళ్ల దారి హుస్సేనీ ఆలం మీదుగా, మా పురానాపూల్ దాటుకుని.

ఆషాఢ అమావాస్య నాడు ఆ బండి సరిగ్గా శ్మశానం మలుపు దగ్గర వణికింది. చలిజ్వరం వచ్చినవాడిలా ఒళ్లంతా ఊగి ఆగిపోయింది. గోవర్ధన్, నేను, భిక్షపతి తోసుకుంటూ షాపు ముందుకు తెచ్చాం. మర్నాడు గోవర్ధన్ స్కానర్ పెట్టి చూస్తే రెండో సిలిండర్ కాయిల్ కాలిపోయింది. ఈ బండ్లలో ప్రతి సిలిండర్ మీదా ఒక కాయిల్ కూర్చుని లోపలి ప్లగ్గుకు నిప్పురవ్వ అందిస్తుంది. నాలుగింట్లో ఒక్కటి చచ్చినా బండి కుంటుతుంది. కొత్తది నేనే తెప్పించి ఇచ్చాను. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

శ్రావణ అమావాస్యకు మళ్లీ అక్కడే ఆగింది. మళ్లీ రెండో కాయిలే. భాద్రపదంలో కూడా అంతే.

ఇక వీధి ఊరుకుంటుందా? శ్మశానం దగ్గర పూలమ్మే పుష్పమ్మ ఆ బండి కనబడితే చెంపలు వేసుకునేది. "కొడుకే ఆపుతుండు, తల్లిని జూడనీకె," అనేది. అబద్ధమెందుకు, నా ఒళ్లు కూడా జలదరించేది. విమలాదేవి మాత్రం భయపడేది కాదు. ఆగిన బండి దిగి, వేడి బానెట్ మీద అరచేయి ఆనించి నిలబడేది. "ఆగిండు సూడు," అనేది మెల్లగా. అప్పుడామె ముఖంలో ఒక తృప్తి కనబడేది. దాన్ని చూడలేక నేను తల తిప్పుకునేవాణ్ని.

గోవర్ధన్‌కు పిచ్చెక్కినంత పనయింది. రెండో కాయిల్‌ను నాలుగో దాని చోట పెట్టి, అక్కడిది ఇక్కడ పెట్టాడు. అయినా పోయింది రెండో చోట ఉన్నదే. అంటే కాయిల్‌లో లోపం లేదు, ఆ చోటులోనే ఏదో ఉంది. వైర్లన్నీ విప్పి చూశాడు. ఎర్త్ కొత్తది వేశాడు. వేగం కోసం నిఖిలేష్ అప్పట్లో ఇంజిన్ సెట్టింగు మార్పించాడట, ఆ ఒత్తిడికి రవ్వ ఆరిపోతోందేమోనని ప్లగ్గుల గ్యాప్ తగ్గించాడు. ఆయిల్ దిగుతోందేమోనని కాయిల్ కూర్చునే గుంటలో వేలు పెట్టి చూశాడు. ఆయిల్ లేదు, నాలుగు చీమలు మాత్రం వేలికి అంటుకున్నాయి. విసుక్కుని దులిపేసుకున్నాడు. తిండి తగ్గింది. చాయ్ తాగుతూ తాగుతూ ఆగిపోయి, "ఆ ఇంజిన్ వణికే సప్పుడు చెవులకెల్లి పోతలేదుర మురళీ," అన్నాడొకసారి. దయ్యం సంగతేమో గానీ, గోవర్ధన్‌కు మాత్రం ఏదో పట్టిందనిపించింది నాకు.

తర్వాతి అమావాస్యకు బండి ఆగినప్పుడు రామలింగం సేటు స్వయంగా వచ్చాడు. భార్యను ఆటో ఎక్కించి పంపేసి గోవర్ధన్ వైపు తిరిగాడు.

"చాలు గోవర్ధన్. నా కొడుకును కాలవెట్టిన జాగ ఇది. నెలనెలా నన్నీడికి గుంజుకొస్తుంది ఈ బండి. ఇంకొక్కపారి ఆగిందంటే నా ఇంటి ముంగట ఉండది, చెప్తున్న. ఆమె ఏడ్చినా సరే."

ఆయన వెళ్లాక గోవర్ధన్ చాలాసేపు బండి వైపే చూశాడు. తర్వాత కుంకుమ పెట్టిన పానా తీసుకున్నాడు.

"అన్నా, ఇయ్యాల అమాస!" అన్నాను.

"బాపు ఉంటే ఆయనే తీస్తుండె," అని బానెట్ ఎత్తాడు.

వేడి తగ్గాక రెండో కాయిల్ పైకి లాగాడు. దాని కింద గుంట నిండా నీళ్లు. ఇంజిన్ పైభాగం అక్కడ కాస్త పల్లంగా ఉంటుంది, పైన మూత లేదు. తడి దారి దొరికితే కరెంటు ప్లగ్గు దాకా ఎందుకు పోతుంది? పక్కకు దిగి కాయిల్‌ను కాల్చింది. గోవర్ధన్ వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"తియ్యగున్నయ్," అన్నాడు. "కొబ్బరినీళ్లు."

భిక్షపతి తల దించుకున్నాడు. "అమ్మ బండి పూజ జేస్తదన్నా. అందరు టైరు ముంగట కొడ్తరు గద కొబ్బరికాయ. అమ్మ బానెట్ దెరిపిచ్చి ఇంజిన్ మీద వోస్తది. నేనేమంట?"

చీమలకు తెలిసిన సంగతి మాకు తెలియలేదు. గోవర్ధన్ ఎప్పుడూ మర్నాడే బానెట్ తెరిచేవాడు, అప్పటికి ఇంజిన్ వేడికి తడంతా ఆవిరైపోయేది. తల్లి పూజ బండిని ఆపింది, గోవర్ధన్ తండ్రి మాట ఆ కారణాన్ని దాచింది.

"ఆమెకు చెప్పాలె," అన్నాడు గోవర్ధన్.

నాకు ఒళ్లు మండింది. "ఏం చెప్తవ్? ఆపింది నీ కొడుకు గాదు, నీ కొబ్బరికాయ అంటవా? మూత బిగించి ఊకో. బండి ఆగది, సేటు అమ్మడు, అమ్మకు బండి ఉంటది. ఇంకేం గావాలె?"

అతను నాతో వాదించలేదు. అదే నాకు వింతగా తోచింది. నేను పాత స్టాకులో వెతికి మూత తెచ్చిచ్చాను. కాయిల్ మారిపోయింది, గుంటల చుట్టూ రబ్బరు పడింది, మూత బిగిసింది. లోపం దొరికి కూడా గోవర్ధన్ నోరు మూసుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఆ తర్వాతి అమావాస్య పొద్దున ఇద్దరం ఎవరి షాపు ముందు వాళ్లం నిలబడ్డాం. నీలిరంగు బండి వచ్చింది. శ్మశానం మలుపు తిరిగింది. ఇంజిన్ ఎక్కడా తొట్రుపడలేదు. వంతెన ఎక్కి వెళ్లిపోయింది. నేను "శభాష్" అని అరిచాను. గోవర్ధన్ తల తిప్పుకుని షాపులోకి వెళ్లాడు.

కాసేపటికే బండి వెనక్కి వచ్చింది. విమలాదేవి దిగింది. పూజకు కట్టుకున్న పట్టుచీర కుచ్చెళ్లు రోడ్డు మీద ఈడుస్తున్నా చూసుకోకుండా నేరుగా షాపులోకి వచ్చింది.

"ఏం జేసినవ్ గోవర్ధనూ?"

"బండి మంచిగయిందమ్మా."

"బండి గాదు. వాడెందుకాగలే? ప్రతిపారి ఆగేటోడు ఇయ్యాల నన్ను జూడకుంట వోయిండు. నా బిడ్డను ఎటు వంపినవ్?"

పుష్పమ్మ పూల బుట్ట వదిలేసి లేచి నిలబడింది. చెప్పొద్దని నేను రోడ్డు ఇవతల నుంచి చేతులు ఊపాను. గోవర్ధన్ నా వైపు చూడనేలేదు.

"అమ్మా, ఆపింది బాబు గాదు. మీరు ఇంజిన్ మీద వోసిన కొబ్బరినీళ్లు కాయిల్లకు దిగినయ్. మీ ఇంటికాడికెల్లి ఈడికొచ్చెవరకు ఇంజిన్ కాగుతది. కాగంగనే కాయిల్ కాల్తది. గందుకే ఎప్పుడైనా ఈన్నే ఆగుడు."

ఆమె తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది: "వాడు గుండె మండి వోయిండు. ఇంజినంటే బండికి గుండెనే గదా. సల్లవడాల్నని వోసిన."

గోవర్ధన్ ఆమె ముఖం చూడలేక చేతిలోని టెస్టర్ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అయితే అన్నిసార్లు నేనేనా ఆపింది?"

"మీరేనమ్మా."

ఆమె ఏడిస్తే బాగుండుననిపించింది. ఏడవలేదు. బానెట్ దగ్గరికి వెళ్లి చేయి చాచింది, ఆనించకుండానే వెనక్కి తీసుకుంది. బండెక్కి వెళ్లిపోయింది.

ఆ రోజు నేను గోవర్ధన్‌ను తిట్టని తిట్టు లేదు. అతను ఒక్క మాటే అన్నాడు: "ఆమె అడిగింది గదరా. కొడుకు ఎటు వోయిండని తల్లి అడిగితే అబద్ధమెట్ల చెప్తం?" సేటు మాత్రం బండి బాగయిందని మిఠాయి డబ్బా పంపాడు. గోవర్ధన్ దాన్ని తెరవకుండానే పుష్పమ్మకు ఇచ్చేశాడు.

మళ్లీ అమావాస్య వచ్చింది. ఆమె రాదనుకున్నాను. వచ్చింది. బండి మలుపు దగ్గరికి రాగానే మెల్లగా పక్కకు జరిగి నిలిచింది. గోవర్ధన్ ఒక్క ఉరుకులో రోడ్డు దాటాడు, వెనకే నేను. ఇంజిన్ ఆగలేదు, నున్నగా తిరుగుతోంది.

"అమ్మనే ఆపమన్నదన్నా," అన్నాడు భిక్షపతి కిటికీలోంచి.

వెనుక సీట్లో విమలాదేవి కళ్లు మూసుకుని కూర్చుంది. ఏదో వినడానికి ప్రయత్నిస్తున్నట్టు తల ఒక పక్కకు వంచింది. గోవర్ధన్ కూడా ఊపిరి బిగబట్టి ఇంజిన్ మీదికి చెవి ఒగ్గాడు. ఎన్ని బండ్లు బాగుచేశాడో లెక్కలేని ఆ మనిషి, ఆ ఒక్క ఇంజిన్ ఒక్కసారి తడబడితే చాలునని కోరుకోవడం నేను కళ్లారా చూశాను. అది తడబడలేదు.

ఆమె కళ్లు తెరిచింది.

"నేనాపితే ఆగింది. వాడు ఆపినట్టు లేదు," అంది. "పోనియ్యి బిడ్డా."

భిక్షపతి గేరు వేశాడు.