నాయన ట్రక్కు, అమ్మ పూజ

మా నాయనది పాత పెట్రోలు ట్రక్కు. ముందు జీపు మూతి, వెనక సరుకు తొట్టి. ఊళ్ళో అందరూ డీజిలు బండ్లకు మారినా, నాయన మాత్రం టమోటా గంపలు అందులోనే పత్తికొండ మార్కెట్టుకు తోలతాడు. పోయిన ఎండాకాలం అది దారిలో ఆగిపోవడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర కోడెలా బయల్దేరేది. కాస్త దూరం పోయాక దగ్గి, గింజుకొని, చచ్చేది. వేపచెట్టు కింద కాసేపు కూర్చుంటే మళ్ళీ బతికేది. టమోటాలే బతికేవి కావు.

మా ఊళ్ళో జ్వరానికి డాక్టరు దొరకడు గానీ, టీకొట్టు దగ్గర కార్బురేటర్ డాక్టర్లకు కొదవ లేదు. "ఏమప్పా, ఈ ఎండకు పెట్రోలు పైపులోనే ఆవిరైపోతాండాది" అని ఒకాయన తడిగుడ్డ చుట్టించాడు. పెట్రోలు చిమ్మే జెట్టులో నలుసు ఉండాదని ఇంకొకాయన కార్బురేటర్ విప్పించి, ఊది, బిగించాడు. ఫిల్టరు మార్చారు, పంపు మార్చారు. నాయన దాన్ని ఎంతగా విప్పాడంటే, ఆయన చెయ్యి తగిలితే చాలు, నట్లు వాటంతటవే వదులయ్యేవి.

అమ్మ వైద్యం వేరు. బండి మొరాయించే కొద్దీ ఆమె పూజ పెంచుతూ పోయింది.

చివరికి మా అన్నకు ఓపిక నశించింది. "నాయనా, ఈ తూరి నిలబడిందా, పాత ఇనుమోళ్ళకు ఇచ్చేస్తా" అన్నాడు. నాయన ఆ పూట సంగటి ముద్ద సగం వదిలేసి లేచాడు. అది పోతే ఆయన్ను మార్కెట్టుకు రమ్మనేవాళ్ళు ఎవరూ లేరు. నాకు జాలేసింది, అన్న మీద కోపమూ వచ్చింది.

మరుసటి లోడుకు నేనూ ఎక్కాను. ఎండిన వంక దాటగానే ఆగింది. పెట్రోలు ఎంతుందో చూద్దామని నాయన ట్యాంకు మూత తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి దూరింది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. మూతకు గాలి ఆడే చిన్న బెజ్జం ఉంటుంది. అది మూసుకుపోతే పెట్రోలు కిందికి రాదు. ఆ బెజ్జం మీద పసుపు, కుంకుమ, గంధం పొరలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి. గుండ్రంగా, నున్నగా ఉంది కదా అని అమ్మ ప్రతి అమావాస్యకూ బొట్టు దానికే పెట్టేది. ఆ ఎండాకాలం ఆగినప్పుడల్లా ఇంకొకటి.

నాయన నా తెగిన చెప్పుకు పెట్టిన పిన్నీసు పీకి బెజ్జం పొడిచాడు. బండి మార్కెట్టు దాకా ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లోనే ఉంది. "సూస్తిరా? నిన్న శానా గట్టిగా మొక్కినా. ఎట్లా పోయొచ్చిందో సూడండి!" అంది. నేను నోరు తెరిచాను. నాయన నా కాలు తొక్కాడు.

"అవును, అంతా నీ పూజే" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఇప్పటికీ అమావాస్యకు అమ్మ ఆ మూతకు నిండుగా బొట్టు పెడుతుంది. ఆమె లోపలికి పోయేదాకా నాయన టైర్లు చూస్తున్నట్టు నిలబడతాడు. తర్వాత పిన్నీసుతో, బొట్టు చెదరకుండా, బెజ్జం వరకే పొడుస్తాడు.