కోడె ఎందుకు ఆగేది?

అరవైల నాటి కరువు. కళ్యాణదుర్గం దగ్గర మా ఊరు, నాకు పదహారేండ్లు. మాకున్నది ఒక్క కపిల బావి. ఎద్దులు వాలు దిగితే తోలుబాన నీళ్లతో పైకొస్తాది. అవి వెనక్కి నడుస్తూ వాలెక్కితే బాన మళ్లీ బావిలోకి దిగుతాది. అట్ల వెనక్కొచ్చే ఎద్దు బావి అంచున ఆగడం నేర్చుకోవాల.

కొత్త కోడెకు నాయనే నేర్పినాడు. మొదట పగ్గం బిగబట్టి ఆపినాడు. కొన్నాళ్లకు తొడమీద చెయ్యి వేస్తే చాలు, ఆగేది. తర్వాత చెయ్యి కూడా తీసేసి "హో" అన్నాడు. చివరికి ఆ మాటా మానేసినాడు. అయినా కోడె ఠక్కున ఆగేది.

"ఇంక దానికెవరూ చెప్పే పన్లేదు పాపా" అని మురిసిపోయినాడు.

నాయన జబ్బుతో మంచం పట్టినాక కపిల నేను తోలినా. మొదటి బానకే జతలోని ముసలెద్దు ఆగింది, కోడె ఆగలేదు. నేను నోరు తెరిచేలోపే కాడి విరిగి కోడె బావిలో పడింది.

నాయన కర్ర ఊతంతో లేచి వచ్చినాడు. "ఏం చేసినావే?"

"ఏం చెయ్యలేదు నాయనా. నీ మాదిరే ఊరకున్నా."

అడుగంటిన నీళ్లలో కాళ్లు విరిగిన కోడె కొట్టుకుంటాండాది. వాలెక్కిన ఆయాసానికి నాయనకు ఎప్పటిలాగే దగ్గొచ్చింది. అది వినపడగానే కోడె కదలకుండా ఆగిపోయింది.

ఇన్నాళ్లూ అది ఆగింది ఆ దగ్గుకే.

ఇప్పటికీ నా మనవరాలు పాఠం అప్పజెప్పి "నాకొచ్చేసింది అవ్వా" అంటే నేను నమ్మను. తలుపు చాటుకు పోయి, ఊపిరి బిగబట్టి, మళ్లీ చెప్పమంటా.