చీర కట్టుకుని నిలబడింది నేను కాదు

దయ్యాల సంగతులు చెప్పేవాళ్ల దగ్గర కూర్చునే ఓపిక నాకు ఏనాడూ లేదు. ఇప్పుడు కూడా జరిగింది జరిగినట్టు చెబుతాను. దానికి పేరు మాత్రం పెట్టలేను.

అది కరోనా రెండో ఏడు. మాది సిరిసిల్ల వైపు. మా ఆయన సూరత్ పక్కనే పల్సానాలో బట్టల మిల్లులో పనిచేసేవాడు, నేను సూరత్‌లో ఒక చీరల దుకాణంలో. జనం బజారుకు రావడం తగ్గిపోయాక దుకాణం యజమాని సేఠ్ రోజూ మధ్యాహ్నం ఫోన్‌లో లైవ్ పెట్టి చీరలు అమ్మేవాడు. వాటిని కట్టుకుని కెమెరా ముందు నిలబడటం నా పని. కుచ్చిళ్లు సర్ది పిన్నులు పెట్టేది జ్యోతి. మన తెలుగు పిల్లే, సూరత్‌లోనే పుట్టింది.

రెండో కాన్పు తర్వాత నా పొట్ట తగ్గలేదు. బస్తాకు చీర చుట్టారని లైవ్ చూసేవాళ్లు కామెంట్లు పెట్టేవాళ్లు. సేఠ్ వాటిని పైకి చదివి నవ్వేవాడు. జ్యోతి కూడా నవ్వేది. ఒకరోజు సేఠ్, ఈ పొట్ట ఇట్లాగే ఉంటే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు.

పిల్లలు అప్పటికే ఊళ్లో మా అమ్మ దగ్గర ఉన్నారు. పొట్టలో కొవ్వు లాగేసే ఆపరేషన్, లైపోసక్షన్, చేయించుకున్నాను. మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. దుకాణంలోనూ మా చెల్లెలికీ కరోనా వచ్చిందని చెప్పాను. అలా అంటే ఎవరూ చూడటానికి రారు.

కోతల్లోంచి నీళ్లు కారతాయని, వాపు వస్తుందని, చర్మం మొద్దుబారుతుందని డాక్టర్ ముందే చెప్పాడు. పొట్ట చుట్టూ వేసిన బిగుతు బెల్టు తను విప్పేదాకా తీయొద్దన్నాడు. అన్నీ అలాగే జరిగాయి. ఎర్రటి నీళ్లకు కింద పరిచిన పాత చీరలన్నీ తడిసిపోయాయి. ఒళ్లంతా కమిలి, ఆపరేషన్ ముందుకంటే లావుగా కనిపించాను.

"ఇంత చేయించుకొని ఇంకా లావైనవ్ గదా," అన్నాడు మా ఆయన. వాసన వస్తోందని పడక వంటగదిలోకి మార్చుకున్నాడు.

ఐదో రోజు మధ్యాహ్నం చెల్లె ఫోన్ చేసింది. "అక్కా, కరోనా అన్నవ్ గదా. గప్పుడే దుకాన్ల ఎందుకు నిలబడ్డవ్?"

లైవ్ తెరిచాను. నీలం చీర కట్టుకుని నేను నిలబడి ఉన్నాను. అదే ముఖం, అదే పాత పొట్ట. మాస్కు లేదు.

పాత వీడియో అన్నాడు మా ఆయన. అప్పుడే సిరిసిల్ల నుంచి చెల్లె పెట్టిన కామెంట్‌ను సేఠ్ పైకి చదివాడు. నేను దుకాణానికి ఫోన్ కొట్టాను. బల్ల మీద ఫోన్ మోగడం లైవ్‌లో వినిపించింది. సేఠ్ ఎత్తకుండా కట్ చేశాడు. చీర కట్టుకున్న ఆమె మాత్రం ఆ ఫోన్‌నే చూస్తూ నిలబడింది. మా ఆయన వంటగదిలోకి పోయాడు.

నా పొట్టను గిల్లినా తెలియని రోజులవి. అయినా తెర మీద జ్యోతి కుచ్చిళ్ల దగ్గర పిన్ను గుచ్చినప్పుడు, బెల్టు కింద సుర్రుమంది. చీర కట్టుకున్న ఆమె ముఖంలో కదలిక లేదు.

మూడు రోజులు వరసగా అలాగే కనిపించింది. నాలుగో రోజు నుంచి కనిపించలేదు.

ఆ మర్నాడు డాక్టర్ బెల్టు విప్పాడు. తను పెట్టిన మూడు కోతలు కాక, నడుము చుట్టూ సూది గాట్లు ఉన్నాయి. బెల్టుకు ఎక్కడా రంధ్రం లేదు. ఎవరు గుచ్చారని అడిగాడు. నాకు తెలియదన్నాను.

నెల తర్వాత దుకాణానికి వెళితే సేఠ్ లోపలికి రానివ్వలేదు. జబ్బుతో వచ్చి అందరికీ అంటించావన్నాడు. జ్యోతికి వచ్చిందట. ఆమె నుంచి తల్లికి. తల్లి పోయింది.

సూరత్‌లోనే కోసాడ్‌లో ఉన్న జ్యోతి ఇంటికి వెళ్లాను. గడపలోనే ఆపింది.

"కరోనా పెట్టుకొని వచ్చినవ్. నా అన్నం డబ్బాల చెయ్యి పెట్టి తిన్నవ్. జర మాస్క్ పెట్టుకో అంటే ఉలకలే, పలకలే."

నాకు జబ్బే రాలేదని, మంచం మీద ఉన్నానని, ఆపరేషన్ సంగతీ అంతా చెప్పాను. నమ్మలేదు. కొంగు తీసి నడుము చూపించాను. అప్పటికింకా మచ్చలు పోలేదు. ఆమె వంగి ఒక్కొక్కదాన్నీ వేలితో తాకింది.

"నేనే గుచ్చిన," అంది. "కావాలనే. గింత కొవ్వుల నొప్పి తెలుస్తదా అని చూసిన. నువ్వు ఏమనలే."

నేను కొంగు కప్పుకున్నాను.

"మరి మా అమ్మను సంపిందెవరు?" అంది. తలుపేసింది.

మూడు నెలలకు వాపు తీసింది. నడుము సన్నబడింది. ఆ లైవ్‌ల సంగతి ఎత్తితే మా ఆయన లేచి బయటికి పోతాడు.

ఇప్పటికీ నాకు ఏమీ అర్థం కాలేదు. ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రి వాళ్లు చేసిన పరీక్షలో నాకు కరోనా లేదు. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. చీర కట్టుకుని నిలబడిన ఆమెకు ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?