ఒళ్ళో మూట

తొంభైల్లో, సండూరులో ఖనిజం లారీలను తూచే ఆఫీసు కంప్యూటరు నా ప్రాణం తోడేసింది. కొత్తగా మెమరీ వేయించాం కదా, ఇక డిస్కులో పేజ్ ఫైల్ దండగని నేనే తీసేశాను. మెమరీ నిండినప్పుడు, అప్పటికి అక్కర్లేని వాటిని కాసేపు దించుకునే చోటు అది. అసలు నిండితే కదా అనుకున్నాను. సరిగ్గా లారీలు బారులు తీరే వేళకే తూకం ప్రోగ్రాము ఆగిపోయేది. డ్రైవర్లు నన్ను తిట్టేవాళ్ళు. నేను ప్రోగ్రాము రాసినవాణ్ణి తిట్టేవాణ్ణి.

ఆ చిరాకుతోనే ఒకరోజు బళ్ళారి బస్సెక్కాను. నా పక్కన ఒక బట్టల షావుకారు, ఒళ్ళో మూడు మూటలతో కూర్చున్నాడు. పైన పెట్టుకోమని కండక్టరు అంటే, "పైన ఎందుకప్పా? నా ఒడి చాల్తాది" అన్నాడు. ఇంతలో కండక్టరు టికెట్టు అడిగాడు. షావుకారుకు జేబులో చెయ్యి పెట్టే సందు లేదు. నన్ను అడక్కుండానే ఒక మూట తీసి నా ఒళ్ళో పెట్టేశాడు.

"ఏందండీ ఇది?" అని కసిరాను.

"రవ్వంతసేపు పెట్టుకోప్పా. ఊరికే కూసుంటే ఒడి చాల్తాది. పని పడితేనే చాలదు."

టికెట్టు తీసుకుని, మూట మళ్ళీ తన ఒళ్ళోకి లాక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే పేజ్ ఫైల్ తిరిగి పెట్టాను. ఆ తర్వాత తూకం ఒక్కరోజూ ఆగలేదు. తప్పెక్కడుందని మేనేజరు అడిగితే, ప్రోగ్రాములోనే అన్నాను.