మేడం నాటిన ఎరువుతీగ

మేడం పోయారని పొద్దున్నే ఆళ్లగడ్డ నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. అప్పుడు నేను నంద్యాలలో నా జిరాక్స్ షాపు షట్టర్ ఎత్తుతున్నాను. "అక్క పాయ, అప్పా. టీ తాగి గ్లాసు కింద పెట్టింది. అంతే," అన్నాడు. ఎత్తిన షట్టర్ మళ్లీ దించేసి బస్సెక్కాను.

బస్సు శిరివెళ్ల దాటుతుండగా ఎవరో నా ఫోన్‌కు ఒక సంతాప సందేశం పంపారు. రాసినాయన పట్నంలో ఉండే పెద్దమనిషి. ఆయన పేరు నేను రాయను. దాన్ని ఆయనే కావలసినన్ని చోట్ల రాసుకున్నాడు. "నేను నిర్మించిన నల్లమల వృక్షకోశానికి ఆమె కూడా కొంత తోడ్పడ్డారు" అని ఉంది అందులో. కూడా అట. కొంత అట. ఏడుపు రావలసిన చోట నాకు ఒళ్లు మండిపోయింది. కాబట్టి ఇది చదివేవాళ్లకు ముందే చెబుతున్నాను. ఇది నివాళే, కానీ చల్లని మనసుతో రాస్తున్నది కాదు. మేడం ఉండి ఉంటే ఆమె కూడా చల్లగా రాయనిచ్చేవారు కాదు.

ఇంటర్‌లో నాకు ఆమె వృక్షశాస్త్రం చెప్పారు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. గొంతు మాత్రం వెనక బెంచీ దాటి వరండాలోకి వినిపించేది. ఎవరైనా పిచ్చిమొక్క అన్నామా, పాఠం ఆగిపోయేది. "పిచ్చిమొక్కంటూ యాడా ల్యాదప్పా. పేరు తెలీని పిచ్చోళ్లే ఉండారు," అనేవారు. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చి పోయేవారు. దారిలో కొత్త తీగ ఏదైనా కనిపిస్తే డ్రైవర్‌ను ఆపమనేవారట. కొన్నాళ్లకు ఆ డ్రైవర్లే మొక్కలు చూసి బండి నెమ్మది చేసేవాళ్లని ఆమె తమ్ముడు చెప్పి నవ్వుతాడు.

ఉద్యోగం చేస్తున్నప్పుడే సెలవులొస్తే అహోబిలం అవతల చెంచుగూడేలకు పోయేవారు. రిటైరయ్యాక ఇక అడిగేవాళ్లు లేరు. అక్కడ ఒక అవ్వ ఆమెకు గురువయింది. అవ్వ ముందు నడిచేది, మేడం వెనక. ఏ ఆకు ఏ నెలలో చిగురు వేస్తుంది, ఏ గడ్డను ఎండబెట్టి తినాలి, దేన్ని తాకకూడదు అని అవ్వ చెబుతుంటే మేడం రాసుకునేవారు. పుస్తకాల్లో లేని తెలుగు పేర్లు అవ్వ నోట్లో ఉన్నాయి. "నేను చదివింది లాటిన్ పేర్లు. మన పేర్లు ఈమె కాడుండాయి," అని గర్వంగా చెప్పుకునేవారు.

రెండువేల సంవత్సరం తర్వాత సంగతి ఇది. అప్పుడు నాది ఇంటర్నెట్ సెంటరు. ఒకరోజు మేడం వచ్చి కుర్చీ లాక్కుని, "తెలుగులో టైపు చేసేది నేర్పియ్యప్పా," అన్నారు. ఆ పెద్దమనిషి అప్పటికే ఒక వికీ నడుపుతున్నాడు. వికీ అంటే ఎవరైనా వచ్చి పేజీ రాయగలిగిన, దిద్దగలిగిన సైటు. మొక్కల గురించి రాయమని ఆయనే మేడాన్ని పిలిచాడు. రోజూ ఈమెయిల్ రాసి పొగిడేవాడు. ఆమె నమ్మారు. వేళ్లు నొప్పి పుట్టినా, కరెంటు పోయి రాసిందంతా కొట్టుకుపోయినా, మళ్లీ మొదటినుంచి రాశారు. కొన్నేళ్లలో నల్లమల సగం ఆ సైటులోకి వచ్చి కూర్చుంది.

ప్రతి పేజీ చివర ఆమె ఒక వాక్యం తప్పక రాసేవారు. ఈ పేరు చెప్పినవారు ఫలానా ఆమె, ఫలానా గూడెం అని. సగానికి పైగా పేజీల్లో ఆ పేరు అవ్వదే. ఇది కాక, వికీలో ప్రతి పేజీకీ మార్పుల చరిత్ర అని ఒకటి ఉంటుంది. ఏ ముక్క ఎవరు ఎప్పుడు రాశారో అందులో నిలిచిపోతుంది. మేడానికి వికీ నచ్చింది అందుకే.

ఒకరోజు ఆమె పూర్వవిద్యార్థి ఒకామె ఫోన్ చేసి, కొత్త సైటు ఒకటి వచ్చింది చూశారా మేడం అని అడిగింది. నా సెంటర్లోనే తెరిచి చూశాం. పెద్దమనిషి సొంత పేరుతో పెట్టిన సైటు అది. మేడం రాసిన పేజీలన్నీ అక్కడున్నాయి. పాత సైటు నుంచి మూకుమ్మడిగా ఎగుమతి చేసుకున్నాడు. చరిత్రను వదిలేసి చివరి కూర్పు మాత్రమే తీసుకుని, తన ఖాతాలోంచి ఎక్కించుకున్నాడు. ఏ పేజీ చరిత్ర తెరిచినా ఒక్క పేరే ఉంది, ఆయనది. పేజీ చివర అవ్వ పేరున్న వాక్యం కూడా లేదు. అన్ని పేజీల్లోంచి ఒక్క ఊపులో తుడిచేశాడు.

మేడం ఒక్కొక్క పేజీ తెరిచి కిందిదాకా వెళ్లి చూశారు. తర్వాత నా ఫోన్ తీసుకుని ఆయనకు చేశారు.

"చరిత్రంతా తెస్తే ఫైలు బరువైపోతుంది మేడం," అన్నాడాయన. "అయినా పాఠకులకు పేర్లెందుకు? జ్ఞానం అందరిదీ."

"జ్ఞానం అందరిదీనా? మరి పేరొక్కటీ నీదెట్లాయ సామీ?" అన్నారు మేడం.

ఫోన్ పెట్టేశాడు. మరునాటికి పాత సైటులో ఆమె ఖాతాను నిరోధించాడు. ఆ సైటును త్వరలో మూసేస్తున్నామని పైన ఒక ప్రకటన కూడా వేలాడదీశాడు.

"నా పేరు పీకేస్తే పోనీలే అనుకుందును. అవ్వ పేరు పీకేసినాడప్పా. ఆయమ్మ కాళ్లకు చెప్పుల్లేకుండా తిరిగి చూపిచ్చిన అడవి అది." అప్పుడు ఆమె ముఖం చూసి నాకు భయం వేసింది. మా సీమలో పగ అంటే బయటివాళ్లు కత్తులు ఊహించుకుంటారు. నేను చూసిన పగల్లో గట్టిది మాత్రం కళ్లద్దాలు తుడుచుకుంటూ నా సెంటర్లో కూర్చున్నామెదే.

సైటు మూసేలోగా అంతా దించుకోవాలనుకున్నాం. వికీలో ఎగుమతి పేజీ ఖాతా లేకపోయినా ఎవరికైనా తెరుచుకుంటుంది. అందులో కావలసిన పేజీల పేర్లు ఇవ్వాలి. కింద ఒక చిన్న గడి ఉంటుంది, ప్రస్తుత కూర్పు మాత్రమే అని. దానికి ముందే టిక్కు పెట్టి ఉంటుంది. అది తీసేస్తే పేజీ చరిత్రతో సహా వస్తుంది. "ఆ గడిలో ఉండాదప్పా దొంగతనమంతా," అన్నారు మేడం. టిక్కు ఆమే స్వయంగా తీశారు. అన్నీ ఒక్కసారి అడిగితే ఫైలు సగంలో తెగిపోయేది. అందుకని అక్షరాల వారీగా దించాం. 'అ'తో మొదలయ్యేవి, ఆ తర్వాత 'ఆ'. కరెంటు పోయినప్పుడల్లా తెగిన అక్షరం దగ్గర మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. తర్వాత కొంత చోటు అద్దెకు తీసుకుని మా సొంత వికీ పెట్టి, ముక్కలు ముక్కలుగా దిగుమతి చేశాం. మొదటి పేజీ చరిత్ర తెరుచుకుని అందులో అన్ని మార్పులూ, అన్ని పేర్లూ వరసగా కనిపించినప్పుడు నేను చప్పట్లు కొట్టాను.

మేడం కొట్టలేదు. "మనది మనకొచ్చ. ఆ యప్పకేం పాయ?" అన్నారు.

అదీ నిజమే. పైగా మా సైటులో కొత్త పేజీ ఏది రాసినా కొద్దిరోజుల్లో అది ఆయన సైటులో తేలేది. చదివి తీసుకోవడం కాదు, గంప దించినట్టు అంతా ఒకేసారి దించుకుంటున్నాడు. ఎప్పటిలాగే చరిత్ర మాత్రం తీసుకోడు.

అప్పుడు మేడం ఒక మొక్క రాశారు. పేరు ఎరువుతీగ. ఎరువు తెచ్చుకోవడమంటే మా వైపు అడిగి తెచ్చుకోవడం. "దీనికి వేరుండదు. పక్క చెట్టు మీద పాకి, దాని పూలనే తన పూలుగా చూపిస్తుంది. ఎండ తగిలితే నిలవదు. మేకలు సైతం ముట్టవు." నాకు నవ్వొచ్చింది, బెరుకు కూడా వేసింది.

"అబద్ధం రాయచ్చా మేడం?"

"అబద్ధమని అందులోనే రాస్తాండా కదప్పా," అన్నారు. పేజీ భద్రపరిచేటప్పుడు ఏం రాశామో, ఎందుకు రాశామో చెప్పడానికి మార్పు సారాంశం అని ఒక గడి ఉంటుంది. అందులో ఆమె రాసిన మాట ఇది: "ఇట్లాంటి మొక్క లేదు. చదవకుండా మోసుకుపోయేవాళ్ల కోసం పెట్టినది." ఆ మాట చరిత్రలో నిలిచింది. చరిత్ర తెరిచేవాడికి మొదట కనబడేది అదే.

పది రోజులు తిరక్కముందే ఎరువుతీగ ఆయన సైటులో మొలిచింది.

ఆ చలికాలంలోనే నంద్యాలలో ఒక సంఘంవాళ్లు ఆయనకు సన్మానం పెట్టారు. మేడం తమ్ముడు జీపు మాట్లాడి గూడెం నుంచి అవ్వను తీసుకొచ్చాడు. అవ్వ, మేడం ముందు వరసలో కూర్చున్నారు. ఆ సభకు ప్రొజెక్టరు అద్దెకిచ్చింది నేనే కాబట్టి నా చోటు దాని పక్కన. శాలువా కప్పారు. అడవిలో తాను పడ్డ కష్టాల గురించి పెద్దమనిషి చాలాసేపు మాట్లాడాడు. ప్రశ్నలడగమన్నప్పుడు మేడం లేచారు. అప్పటిదాకా ఆయన ఆమెను ఎదురుగా చూసింది లేదు. తలనెరిసిన శ్రోతల్లో ఒకామె అనుకున్నాడో ఏమో, ఆమె వైపు సరిగా చూడలేదు.

"అయ్యా, మీ కోశంలో ఎరువుతీగ అని చదివినా. దాన్ని మీరు యాడ చూసినారు?"

"అహోబిలం పైన. స్వయంగా చూశాను. అరుదైన తీగ. మా తాతగారు వైద్యంలో వాడేవారు," అన్నాడాయన.

మేడం నా వైపు తల తిప్పారు. మా సైటులో ఆ పేజీ చరిత్రను తెరమీద పెట్టాను. ఆమె పెద్దగా చదివారు. "ఇట్లాంటి మొక్క లేదు." వరండా దాటే గొంతు మరి, హాలు చివరిదాకా వినబడింది. వెనక ఎవరో ఒక్కరు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు.

"నా దగ్గర పనిచేసేవాళ్లు పొరపాటున ఎక్కించి ఉంటారు," అన్నాడు పెద్దమనిషి.

"ఇప్పుడే గదా సామీ, స్వయంగా చూసినానంటివి?"

నవ్వు ఎందుకో తెలియక అవ్వ మేడం కొంగు లాగింది. "ఏందమ్మా?"

"నువ్వు చూపిచ్చిన చెట్లన్నీ ఈ సామే చూసినాడంట అవ్వా. ల్యాని చెట్టును గూడా చూసినాడంట."

అవ్వ ఆయన్ను తేరిపార చూసింది. "ల్యాని చెట్టు కనపడినోనికి ఉండే మనిషి కనపడ్ల్యాదా?" అంది.

ఆయన శాలువా కుర్చీలో వదిలేసి పక్క తలుపు గుండా వెళ్లిపోయాడు. ఊళ్లో కొందరు మేడాన్ని తప్పుబట్టారు. నలుగురిలో ఒక పెద్దమనిషిని అట్లా చేయవచ్చా అన్నారు. ఆమెతో పనిచేసిన లెక్చరర్లలో ఇద్దరు ముగ్గురు మాటలు మానేశారు. బాధగా ఉందా అని ఒకసారి అడిగాను. "ఆ పొద్దు రాత్రి అన్నం తిన్న్యా సూడు, అంత రుచి మళ్లా యాపొద్దూ ల్యాదు," అన్నారు.

అంతటితో ఆయన మారాడని చెబితే అది కథ అవుతుంది. ఎరువుతీగ పేజీ ఒక్కటి తీసేసి ఊరుకున్నాడు. అవ్వ పేరు మళ్లీ పెట్టలేదు. అవ్వ పోయినప్పుడు కూడా పెట్టలేదు. కొన్నేళ్లకు ఆ సైటు చూసుకునేవాళ్లు లేక ఆగిపోయింది. మా సైటును మేడం ఆగనివ్వలేదు. ఎవరు అడిగినా ఫైలు ఇచ్చేవారు, ఒక్కటే షరతు, చరిత్రతో సహా దించుకోవాలి. అట్లా దించుకున్న సైట్లు ఇప్పుడు కొన్ని ఉన్నాయి. వాటన్నిటిలోనూ అవ్వ ఉంది.

పెద్దదినం నాడు ఆళ్లగడ్డ ఇంటి ముందు షామియానా వేశారు. గూడెం నుంచి అవ్వ కూతుళ్లు, మనవరాళ్లు, చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చారు. మొదటి పంక్తి వాళ్లకే అని మేడం ముందే చెప్పి పోయారట. చుట్టాలు కొందరు ముఖం ముడుచుకున్నా, తమ్ముడు వాళ్లనే కూర్చోబెట్టి విస్తళ్లు వేయించాడు.

అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది. పెద్దమనిషి దిగాడు. చేతిలో పెద్ద పూలదండ. షామియానా గేటుదాకా రాలేదు, ఆయన ఎండలో నిలబడ్డాడు. నేను చూశాను. తమ్ముడూ చూశాడు. ఎవరమూ లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. తమ్ముడు ఓళిగల పళ్లెం ఎత్తుకుని పంక్తిలో వంగాడు.

"ఇంగొకటి ఏయాల్నా అక్కా?"

"ఏయప్పా," అంది అవ్వ పెద్దకూతురు. "నెయ్యి గూడా పొయ్యి."

వాళ్లు ఏ తొందరా లేకుండా తిన్నారు.