సొర అనుకుని తెచ్చిన చేప

అక్క బాలింతగా ఉన్నప్పుడు మొదటిసారి తిన్న సొర పిట్టులో సొర లేదు. ఈ సంగతి ఇంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పాప పుట్టి పదకొండో రోజు. అక్కకి పాలు చాలడం లేదు, పాప ఏడుపు ఆపడం లేదు. సొరచేప పిట్టు తింటే పాలు పడతాయని మా వైపు నమ్మకం. పాపకి నీళ్లు పోస్తూనే అమ్మ నన్ను చేపల బజారుకి పంపింది.

"చిన్న సొర తేవే. పొలుసుండదు, అదే గుర్తు."

బజారులో అందరూ గట్టిగా బేరాలాడుతున్నారు. ఆ గొంతుల మధ్య నాకు నోరు పెగల్లేదు. ఒకామె దగ్గర తల తీసేసిన చేప కనిపించింది, పొలుసు లేదు. వేలు చూపించాను. ముక్కలు కోసి ఇచ్చింది.

ఇంటికొచ్చి ఉడకబెట్టి, చేత్తో చిదుముతుంటే వేలికి ముల్లు గుచ్చుకుంది. తర్వాత వరసగా పక్కటెముకలు. సొరలో ముళ్లుండవని విన్నాను. భయమేసి, అన్నీ ఏరి కాగితంలో చుట్టి పారేసి, పిట్టు చేసి పెట్టేశాను. అక్క ఇష్టంగా తింది.

మధ్యాహ్నం నా ఇంటర్ జువాలజీ పుస్తకం వెతికి తీశాను. పొలుసు అసలు గుర్తే కాదు. అస్థిపంజరం దేనితో తయారైందన్నదే మొదటి ప్రశ్న. బొచ్చె, కొరమేను, జెల్ల, ఇవన్నీ అస్థి చేపలు. గట్టి ఎముకలు, మొప్పల మీద మూత, చాలావాటికి లోపల ఒక గాలితిత్తి. సొర మృదులాస్థి చేప. దాని వెన్ను కూడా మన చెవి డొప్పలో ఉండే పదార్థంతోనే తయారైందట. చెవి వంచి చూసుకున్నాను. సొర మొప్పలకి మూత ఉండదు, పక్కన అయిదు చీలికలు ఉంటాయి.

జెల్లకీ పొలుసుండదు, నేను తెచ్చింది అదే అయి ఉండాలి. ఇంకో పేజీలో మరో వింత. నాలుగు కాళ్ల జంతువులూ, వాటితోపాటు మనమూ, అస్థి చేపల వంశం నుంచే వచ్చామట. అంటే జెల్లకి సొర కంటే ఉయ్యాల్లో ఉన్న మా పాపే దగ్గర చుట్టం. ఆ మాట డైరీలో రాసుకుని రెండుసార్లు చదివాను. పక్క గదిలో ఆ చుట్టం ఆకలికి ఏడుస్తూనే ఉంది.

ఇంకోసారి పెడదామని అమ్మతో అని, మర్నాడు పొద్దున్నే, రద్దీ లేనప్పుడు, ఆ చేపలామె దగ్గరికే వెళ్లాను.

"తల ఉన్న సొర కావాలండీ. మొప్పలు చూడాలి."

"తాజాదేనమ్మా, మొప్పలెందుకు?"

"అయిదు చీలికలుండాలండీ."

ఆమె నవ్వి, ఐసు కింద నుంచి మూరెడు చేపని లాగింది. లెక్కపెట్టాను, అయిదు. తోక నుంచి తల వైపు వేలితో రాస్తే గరుకు కాగితంలా ఉంది.

"నిన్న మీరిచ్చింది సొర కాదండీ," అన్నాను. నా గొంతు నాకే సరిగా వినపడలేదు.

ఆమె కత్తి ఆపింది.

"నిన్న నోరు తెరిచి సొర అడిగావా తల్లీ? జెల్ల మీద వేలు పెట్టావు, జెల్ల కోసిచ్చాను. సొర అడిగేది బాలింతకేగా, ఆ ఒక్క మాటంటే జెల్ల నేనే వద్దనేదాన్ని కదా."